పొలుసుల చొక్కావాడి చెవి

ఈ ఘోరాన్ని జరిగినప్పుడే రాసి ఉండాల్సింది. రాయలేకపోయాను. సిగ్గుపడి కాదు, సిగ్గు నాకు మొదటినుంచీ కాస్త తక్కువే. అప్పటికి నాకు రాయడం రాదు. యాభై దాటాక అక్షరాలు మొదలుపెట్టినదాన్ని. చదవడం ముందు వచ్చింది, రాయడం వెనకాల కుంటుకుంటూ వచ్చింది. పెన్ను పట్టుకుంటే బతికున్న కొరమేను పట్టుకున్నట్టు జారిపోయేది. ఇప్పుడు కాస్త చేతికి లొంగింది కాబట్టి చెబుతున్నాను.

ముందే మనవి చేసుకుంటాను. చివరికి అందరూ నవ్వుకుని భుజాలు తట్టుకుంటారని ఆశ పెట్టుకుని చదవకండి. ఒక పెద్దమనిషి చిన్నప్పటినుంచీ కంటికి రెప్పలా కాపాడుకున్నదాన్ని నేను ఒక ఆదివారం కూర్చుని దూది ఉండలతో నాశనం చేశాను. అదే ఇందులో విశేషం.

అజ్మాన్‌లో ఖాదర్ సార్ వాళ్లింట్లో నేను పనిమనిషిని. ఆయనది నెల్లూరు, దుబాయ్‌లో ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం. నా వీసా ఆయన పేరు మీదే ఉంది, అంటే ఆయనే నా కఫీల్. ఆయన సంతకం పెడితే ఇక్కడుంటాను, పెట్టకపోతే మా రాజోలు పోతాను. ఆయన భార్య షాహీన్ మేడం. నాకు అక్షరాలు నేర్పింది ఆవిడే. ముందు తెలుగు, ఆ తర్వాత ఇంగ్లీషులో పెద్దక్షరాలు. ఆ కొత్తలో నేను చదవని వస్తువు ఇంట్లో లేదు. పాల డబ్బా చదివాను, ఫ్రిజ్జు చదివాను, సార్ చొక్కా కాలరు లోపల చదివాను.

"మార్తమ్మా, లిఫ్టులో గట్టిగా చదవబాక. జనం మధ్యలోనే దిగిపోతా ఉండారు," అని మేడం ఒకసారి బతిమాలారు కూడా.

ఇక ఆ ఇంటి హాల్లో అద్దాల బీరువా ఒకటి. దాని నిండా అమెరికా బొమ్మల కథల పుస్తకాలు, ఒక్కోటీ ఒక్కో ప్లాస్టిక్ సంచిలో. అన్నిటి మీదా ఒకడే మనిషి. ఒంటికి అతుక్కుపోయిన పొలుసుల చొక్కా, నడుముకి బెల్టు. మా గోదావరి పులసను తోక మీద నిలబెట్టి ప్యాంటు తొడిగినట్టుంటాడు. వాడు లోకాన్ని కాపాడుతాడట. కాపాడేవాడికి పొలుసులు ఎందుకండీ అని ఒకసారి అడిగాను. సార్ అన్నం చల్లారిపోయేదాకా చెప్పారు. మళ్లీ అడగలేదు. ప్రతి పుస్తకం మీదా ఎడమవైపు పైమూలన ఒక గుర్తుంటుంది. గుండ్రంలో పిడికిలి, దాని కింద ఆ పుస్తకాలు వేసే కంపెనీ పేరు.

ఒక శుక్రవారం సాయంత్రం సార్ ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా సోఫాలో కూలబడ్డారు. వెనకే స్నేహితులిద్దరు వచ్చారు. కరీంనగర్ రాజేశం, సూపర్ మార్కెట్‌లో సూపర్‌వైజరు. కాకినాడ ఫణి, బ్యాంకులో పని. ముగ్గురికీ నలభై దాటింది, ముగ్గురికీ ఆ పొలుసుల వాడంటే ప్రాణం. వచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. నెల్లూరులో ఎవరో పెద్దవాళ్లు పోయారనుకుని టీలో చక్కెర తగ్గించాను.

"ఎవరండి పోయింది?" అని మెల్లిగా అడిగాను.

"కంపెనీ పోయింది మార్తమ్మా," అన్నారు సార్. "ఆ పుస్తకాల కంపెనీని అమ్మేసినారు."

పిల్లల సినిమాలు తీసి, బొమ్మలు అమ్మి, ఆటల పార్కులు నడిపే పెద్ద కంపెనీ ఒకటి దాన్ని కొనేసిందట. పొద్దుటినుంచీ ఫోన్లలో లోకంలోని పొలుసుల వాడి అభిమానులంతా ఏడుస్తున్నారట.

"పొద్దుగాల లేవంగనే సూసిన. ఇంక బువ్వ లోపలికి పోలే," అన్నాడు రాజేశం. "ఇప్పుడు వానికి ఓ కుక్కపిల్లను పెడ్తరు సూడు. మాట్లాడే కుక్కపిల్లను."

"పాట పెడతారు," అన్నారు సార్. "వాడి చేత గంతులేపిస్తారు. చచ్చిపోయిన తమ్ముణ్ణి మళ్లా లేపుతారు."

"తమ్ముణ్ణి లేపితే నేను సస్త."

ఫణి టీ ఊదుకుంటూ, "నాకైతే మంచిదే అనిపిస్తుందండి," అన్నాడు. "డబ్బున్నోళ్లు, సినిమా గట్టిగా తీస్తారు. ఇదివరకు తీసినవి చూశాం కదండి. ఆ పొలుసులు అట్టముక్కలు అతికించినట్టున్నాయి."

హాలు మొత్తం చల్లబడింది. ఏసీ వల్ల కాదు.

"ఫణీ," అన్నాడు రాజేశం, "నువ్వు లేసి పోతవా, నన్ను పొమ్మంటవా?"

"ఇప్పుడు నేనేమన్నానండి?"

"పొలుసులను అట్టముక్కలంటివి."

ఫణి కప్పు కింద పెట్టి లేచాడు. ఎవరూ ఆపలేదు. మా గోదావరి కుర్రాడు కదా అని నేనే గుమ్మం దాకా పకోడీల పళ్లెం పట్టుకుని పరిగెత్తాను. "రెండైనా తిని వెళ్లండి బాబు" అంటే, "వద్దు పిన్నిగారు, ఈ ఇంట్లో ద్రోహులకి పకోడీ పెట్టరు," అని లిఫ్టెక్కేశాడు.

నా బాధ నాది. ఆ నెలాఖరుకి నా వీసా అయిపోతోంది. సార్‌కి గుర్తుచెయ్యమని మేడం చెప్పి ఉన్నారు. చేతులు కట్టుకుని నిలబడి, "సార్ గారు, నా వీసా సంగతి..." అన్నాను.

"ఇప్పుడా మార్తమ్మా? ఈ పరిస్థితిలోనా?" అన్నారాయన. తర్వాత బీరువా వైపు చూస్తూ, నాతోనో రాజేశంతోనో తెలియకుండా, "ఇన్నేళ్లు ఆ గుర్తు కింద బతికినాం. ఇంక ఖలాస్. ఆ గుర్తు పీకేస్తారు. మనం గూడా వాళ్ల చేతిలోకి పోయినట్టే," అన్నారు.

మీరెవరూ క్లీనింగ్ కంపెనీలో చేసి ఉండరు కాబట్టి ఈ మాటకి మీకు భయం రాదు. నాకు వచ్చింది.

ఈ ఇంటికి రాకముందు నేను ఉమ్ అల్ క్వైన్‌లో ఒక క్లీనింగ్ కంపెనీలో చేశాను. ఉన్నట్టుండి మా కంపెనీని ఇంకో కంపెనీ కొనేసింది. కొత్త మేనేజరు వచ్చాడు, ముదీర్ అంటాం. వచ్చీరాగానే సలాము కూడా లేకుండా, పాత కంపెనీ గుర్తు ఎక్కడా కనపడకూడదన్నాడు. ఆడవాళ్లమంతా కూర్చుని యూనిఫాంల మీది గుర్తుల కుట్లు విప్పాం. బకెట్ల మీదా, బండి తలుపుల మీదా ఉన్నవి మందు పెట్టి తుడిచాం. నా పక్క మంచం వెంకటలక్ష్మి తన టోపీ మీది గుర్తు తియ్యడం మర్చిపోయింది. ఆ ఏడు దాని వీసా రెన్యూ చెయ్యలేదు. టోపీ వల్లే అని నేను నమ్మాను. ముదీర్‌ని అతని మొహం మీదే గాడిద అనడం వల్లనని మిగతావాళ్లు చెప్పారు గానీ, నేను చెవిన పెట్టలేదు.

ఇప్పుడు నా బుర్ర ఎలా పరుగెత్తిందో చూడండి. కంపెనీ చేతులు మారింది. సార్ దగ్గర బీరువా నిండా పాత గుర్తులున్నాయి. కొత్తవాళ్లు వచ్చి చూస్తే సార్‌కి ఇబ్బంది. సార్‌కి ఇబ్బందైతే నా వీసా ఎవరు చూస్తారు? కొత్తవాళ్లు అమెరికా నుంచి అజ్మాన్‌లో మా అంతస్తుదాకా ఎందుకొస్తారన్న ఆలోచన నాకు రాలేదు. ఉమ్ అల్ క్వైన్ దాకా వచ్చినవాళ్లకి అజ్మాన్ ఎంత దూరం?

ఆదివారం ఉదయం సార్, మేడం షార్జాలో చుట్టాలింటికి బయలుదేరారు. నాది గుడ్డి నమ్మకం కాదని మీకు తెలియాలి. గుమ్మం దగ్గర మేడంని అడిగాను.

"మేడం, పుస్తకాల మీద ఆ పిడికిలి గుర్తుంది కదండి. అది..."

"ఆ గుర్తు చూస్తే చాలు, ఆయనకి ఏడుపొస్తా ఉండాది," అన్నారావిడ చెప్పులు తొడుక్కుంటూ. "నువ్వు ఆయన ముందర ఆ మాట ఎత్తబాక."

ఇంకేం కావాలి? ఆ పూట చర్చికి కూడా వెళ్లలేదు. దేవుడికి చెప్పకుండా మొదలుపెట్టిన పని ఇలాగే ఉంటుంది.

బీరువా తెరిచాను. మేడం అద్దం ముందు నుంచి గోళ్ల రంగు తుడిచే మందూ, దూదీ తెచ్చుకున్నాను. సంచిలోంచి ఒక్కో పుస్తకం తియ్యడం, పైమూలన కంపెనీ పేరు కూడబలుక్కుని చదవడం, సరిచూసుకుని తుడవడం. ఆ మందు తగిలితే రంగు వెన్నలా ఊడొచ్చింది. చదువు గొప్పతనం చూడండి. అక్షరాలు రాకపోయి ఉంటే ఆ పేరు ఎక్కడుందో నాకు తెలిసేదే కాదు, సార్ పుస్తకాలు ఈపాటికి క్షేమంగా ఉండేవి. నన్ను బడికి పంపని మా అయ్య తనకు తెలియకుండానే ఖాదర్ సార్‌కి ఎంతో కాలం మేలు చేశాడు.

కొన్నింటి మీద గుర్తు మరీ పెద్దది. గట్టిగా రుద్దితే దాంతోపాటు పొలుసుల వాడి ముసుగు అంచు పోయింది. ఒక బాగా పాతదాని మీద చెవి పోయింది. ముసుగు వేసుకునేవాడికి ఒక చెవి లేకపోతే నష్టమేముందని సరిపెట్టుకుని, అన్నీ మళ్లీ సంచుల్లో పెట్టి, అద్దాలు కూడా తుడిచి, సాయంత్రానికి మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం సార్, మేడంలతో పాటు రాజేశం, ఫణి కూడా వచ్చారు. ఫణి క్షమాపణ చెప్పుకున్నాడట. సార్ మొహంలో రెండు రోజుల తర్వాత కాస్త వెలుగుంది.

"కొత్తవాళ్లు ఏమన్నా చేసుకోనీ," అంటున్నారు బీరువా వైపు నడుస్తూ. "ఇంకమీదట వచ్చే వాటి మీద ఆ పిడికిలి ఉండదు. ఆ గుర్తుండేవి మన దగ్గరుండాయి గదా. అవి ఎవరూ పీక్కోలేరు."

వంటింటి గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నాను. పారిపోదామంటే ఏడో అంతస్తు.

సార్ ఒక పుస్తకం తీశారు. ఇంకొకటి తీశారు. తర్వాత వెనక వరసలోంచి తీశారు. ఎడమ మూలన తెల్లటి మచ్చ, అన్నిటికీ ఒకటే తెలుపు. నాకు పనిలో శుభ్రత ఎక్కువ.

"మార్తమ్మా, పిడికిలేదీ?"

"తుడిచేశానండి."

"అన్నిటికీనా?"

"ఆయ్. ఒక్కటీ వదల్లేదండి."

ఉమ్ అల్ క్వైన్ నుంచి వెంకటలక్ష్మి టోపీ దాకా మొత్తం చెప్పుకున్నాను. సార్ అరవలేదు. నేల మీద కూర్చుండిపోయారు. అరిచి ఉంటే బాగుండేది.

"దీనికి చెవి కూడా లేదండి," అన్నాడు ఫణి, పుస్తకాన్ని దీపం కింద పెట్టి.

సార్ దాన్ని అందుకుని చూశారు. "ఇది మా నాయన మద్రాసు నుంచి తెచ్చినాడు," అన్నారు. "మొదటిది."

అప్పుడు నోరు మూసుకుని ఉండాలి. ఎవరైనా మూసుకుంటారు. నేను, "కావాలంటే పెన్నుతో మళ్లీ గీస్తానండి," అన్నాను.

"వద్దు," అన్నారు ముగ్గురూ ఒకేసారి.

"అక్కా," అన్నాడు రాజేశం, "కొన్నోళ్లు గూడ ఇంత పని చెయ్యలే. వాళ్లు రాబోయేటియి మాత్రమే చెడగొడ్తరు. నువ్వు అచ్చినయి గూడ చెడగొట్టినవ్."

మేడం ఖాళీ అయిన గోళ్ల మందు సీసా ఎత్తి చూసి, మూత బిగించి పక్కన పెట్టారు. నేను పెట్టె సర్దుకున్నాను. రెండు చీరలు, మూడు నైటీలు, బైబిలు, పలక.

మర్నాడు ఉదయం సార్ ఆఫీసుకి వెళ్లేముందు, "పాస్‌పోర్టు తీసుకో, టైపింగ్ సెంటర్‌కి పోదాం," అన్నారు. వీసా కాగితాలు కొట్టించేది అక్కడే, రద్దు చేయించేదీ అక్కడే. పెట్టె కూడా తెచ్చుకోనా అని అడగడానికి ధైర్యం చాల్లేదు. దారిలో బోర్డులు కనపడుతున్నా నేను ఒక్కటీ చదవలేదు. చదువంటే భయం పట్టుకుంది.

సెంటర్లో మలయాళీ గుమాస్తా తల ఎత్తకుండా, "క్యాన్సిల్ యా రెన్యువల్?" అన్నాడు.

సార్ నా పాస్‌పోర్టు తెరిచి ఫొటో చూస్తూ నిలబడ్డారు. వెనక ఉన్నవాళ్లు గొణుగుతున్నారు. నేను రాజోలులో బస్సు దిగేశాను, ఆటో కూడా మాట్లాడుకున్నాను.

"మార్తమ్మా," అన్నారు సార్ నా వైపు తిరిగి, "నిన్ను పంపించేస్తే నువ్వు ఊళ్లో హాయిగా చేపల పులుసు తింటా ఉంటావు. నేనిక్కడ ఒక్కణ్ణే ఏడస్తా ఉండాల. అట్టా కుదరదు. ఆ కొత్తవాళ్లు సినిమా తీస్తారు గదా, మొదటి రోజు నువ్వు మాతో పాటు వచ్చి కూర్చోవాల. వాళ్లు ఎంత ఘోరంగా తీసినా మధ్యలో లేవకూడదు. మేం ఎంత బాధపడతామో నువ్వూ అంత బాధపడాల. సమ్మతమేనా?"

"ఆయ్, పడతానండి."

"నిద్రపోకూడదు."

"పోనండి."

ఆయన గుమాస్తా వైపు తిరిగి, ఎవరినో సమాధి చేస్తున్న గొంతుతో, "రెన్యువల్," అన్నారు.

నేను ఆ కౌంటరు మీద కుడిచెయ్యి పెట్టి, గట్టిగా, అందరూ వినేలా ప్రమాణం చేశాను. ఈ లోకంలో ఏ కంపెనీని ఏ కంపెనీ మింగినా, ఎవరి గుర్తు పోయి ఎవరి గుర్తు వచ్చినా, మార్తమ్మ అనే నేను అంట్లూ నేలా తప్ప ఇంకేదీ తుడవను, ఏసుప్రభువు తోడు. గుమాస్తాకి తెలుగు రాదు. అయినా చివరిదాకా ఓపిగ్గా విని, తలూపి, తర్వాతి టోకెన్ పిలిచాడు.