ఎలుకలవ్వ చెవులు

నా చిన్నప్పుడు, నేను ఏడో తరగతికి వచ్చేదాకా, మా ఊళ్లో మాట వినని పిల్లలను ఎవరూ ఎలుకలవ్వతో పోల్చేవారు కాదు. ఆ సామెత ఆ సంవత్సరమే పుట్టింది, ఇప్పటికీ చావలేదు. మొన్న ఊరికి పోయినప్పుడు మా తమ్ముడి కోడలు తన కొడుకును "ఎన్నిసార్లు పిలవాలెరా, ఎలుకలవ్వ చెవులా నీయి" అని కసిరింది. వాడు నవ్వాడు. ఎలుకలవ్వ ఎవరో వాడికి తెలియదు, వాడి తల్లికీ తెలియదు. నాకు తెలుసు. ఆ సామెత నా వల్లనే పుట్టింది కాబట్టి, అన్నం కలుపుతున్న నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మాది పాలంపేట పక్కన చిన్న ఊరు. రామప్ప చెరువు నీళ్లతో రెండు పంటలూ వరే. వరి ఉన్నచోట ఎలుక ఉండనే ఉంటుంది. ఎలుకలు పట్టే తాత ఒకాయన ఊరి చివర, కాలువ కట్ట మీద గుడిసెలో ఉండేవాడు. ఆయన భార్యనే అందరూ ఎలుకలవ్వ అనేవారు. తల్లిదండ్రులు లేని మనుమరాలు ఒకతె వాళ్ల దగ్గర పెరిగేది, ఆ పిల్ల నా తరగతే. తాత పని చేస్తుంటే చూడాలనిపించేది. అడుగున చిల్లి ఉన్న కుండలో గడ్డి కూరి నిప్పు పెట్టి, కుండ మూతిని బొరియకు ఆనించి, చిల్లిలోంచి పొగ ఊదేవాడు. మిగతా దారులన్నీ ముందే మట్టితో మూసేవాడు. కాసేపాగి తవ్వితే సొమ్మసిల్లిన ఎలుకలు చేతికి దొరికేవి. ఎలుకలు లోపల దాచుకున్న వరి వెన్నులు కూడా ఆయనవే. అది ఎవరో పెట్టే దానం కాదు, తాతల కాలం నుంచి ఆయన హక్కు. ఆ వడ్లను అవ్వ దంచితే అన్నం, ఎలుకలను కాలిస్తే కూర.

అందుకే ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు పొలం గెట్ల మీద ఎలుకల మందు పెట్టినా ముందుగా కాలువ కట్టకు పోయి చెప్పి రావాలి. అన్ని పొలాల్లో ఒకేసారి పెడితే, చెప్పే వంతు ఒక ఇంటికి వేసేవారు.

మా సైన్సు సారు హన్మకొండ నుంచి పొద్దున మొదటి బస్సుకు వచ్చేవారు. రంజాన్ నెలలో గుక్కెడు నీళ్లు కూడా తాగకుండా సాయంత్రం దాకా అదే గొంతుతో పాఠం చెప్పిన మనిషి. జీవులు ఒకదాని మీద ఒకటి ఎట్లా ఆధారపడతాయో చెప్పే పాఠం వచ్చినప్పుడు మాతో పుస్తకాలు మూయించారు. పుస్తకంలో గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద బొమ్మలూ, వాటి మధ్య బాణం గుర్తులూ ఉండేవి. మీ పొలాల్లో ఏది దేన్ని తింటుందో మీరే చెప్పండి అన్నారు. వరిని ఎలుక, ఎలుకను పాము, పామును గద్ద అని మేం అరుస్తుంటే నల్లబల్ల మీద రాసుకుంటూ పోయారు. అప్పుడు నా పక్కన కూర్చున్న తాత మనుమరాలు లేచి నిలబడింది.

"సార్, ఎలుకను మేం గుడ తింటం," అంది.

తరగతి మొత్తం నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. అప్పటిదాకా ఆమె నాకు దోస్తే, మా ఇద్దరిదీ ఒకే బల్ల. నవ్వకపోతే నన్నూ ఆమెతో జమకడతారని భయపడి నవ్వాను. సారు మాత్రం నవ్వలేదు. ఎలుక దగ్గర నుంచి ఇంకో బాణం గీసి, చివర 'మనిషి' అని రాశారు. పుస్తకం రాసినాయన మరిచిపోయినదాన్ని ఈ అమ్మాయి యాది చేసింది అన్నారు. నవ్వినందుకు సిగ్గుపడాల్సింది పోయి, ఆ మధ్యాహ్నం బోరింగు దగ్గర ఇద్దరు పిల్లలు నన్ను 'ఎలుకల దోస్తు' అన్నందుకు కుమిలిపోయాను. మరునాటి నుంచి వేరే బల్లకు మారాను.

తర్వాతి వారం సారు మమ్మల్నందరినీ పొలానికి తీసుకుపోయి తాత పని చూపించారు. తాత వరుసగా ఐదు బొరియలు తవ్వి, ఆరోదాన్ని ముట్టకుండా లేచాడు. దాంట్లో ఎలుక లేదా అని సారు అడిగారు.

"ఉన్నది సారూ. అది పాముకు. నేనెన్నడో ఒకపాలి వస్త, అది రోజు తిరుగుతది. దాని కూడు గుడ నేనే తింటె అది మీ ఇండ్లల్లకొస్తది. జర ఇడిసిపెట్టాలె."

ఆ మాట నోటు పుస్తకంలో రాసుకోమన్నారు సారు. తాత గుప్పెడు వెన్నులు తీసి నా చేతికివ్వబోతే నేను ఛీ అని వెనక్కి జరిగాను. ఆయన నవ్వి, మీ పొలం వడ్లే బిడ్డా, ఎలుక దాపెట్టింది గంతే అన్నాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఆ ఏడు ఎలుకలు మితిమీరాయి. పొట్ట మీదున్న వరి తెల్లారేసరికి కోసేసినట్టు పడి ఉండేది. తాత ఒక్కడి వల్ల అయ్యే పని కాదని రైతులంతా ఒక శనివారం కూడబలుక్కుని మందు పెట్టారు. నూకలకు నూనె పట్టించి, నల్లటి పొడి కలిపి, చిన్న చిన్న కాగితం పొట్లాలు కట్టి బొరియల్లోకి తోశారు. చెప్పే వంతు మా ఇంటికి వచ్చింది. చేతులకు మందు ఉంది కాబట్టి మా బాపు నన్ను పిలిచాడు.

"కాలువ కట్టకు ఉరుకు బిడ్డా. మందు వెట్టినం, ఎనిమిది దినాలు గెట్ల దిక్కు రావద్దని చెప్పు. గెట్ల మీది గింజ గుడ ముట్టద్దని చెప్పు."

ఉరికాను. బోరింగు దాకా ఉరికాను. అక్కడ ఆ ఇద్దరు పిల్లలు కచ్చకాయలు ఆడుతున్నారు. ఎక్కడికే అని అడిగారు. ఎలుకలోళ్ల ఇంటికి అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎక్కడికీ లేదని చెప్పి వాళ్ల పక్కన చతికిలబడ్డాను. వాళ్లు లేచిపోయాక పోదామనుకున్నాను. వాళ్లు పొద్దు గూకేదాకా లేవలేదు. ఇంటికి వస్తే బాపు కాళ్లు కడుక్కుంటూ చెప్పినవా అన్నాడు. "చెప్పొచ్చిన" అన్నాను.

ఆదివారం మా చర్చిలో పూజకు పోయి, వచ్చి, ఇంట్లో పిండివంటల సందట్లో పడి మరిచిపోయానంటే నమ్ముతారా? మరిచిపోలేదు. సోమవారం బడిలో చెబుతా లెమ్మని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సోమవారం ఆ పిల్ల బడికి వచ్చింది. సారు ఇంటిపనిగా ఇచ్చిన బొమ్మ పట్టుకుని తనంతట తానే నా బల్ల దగ్గరికి వచ్చింది. వరి, ఎలుక, పాము, పక్కన కుండ ఊదుతున్న ముసలాయన. బొమ్మ బాగుంది. బోరింగు దగ్గరి ఆ ఇద్దరూ నన్నే చూస్తున్నారు. నేను పుస్తకంలోకి మొహం దించి చదువుతున్నట్టు నటించాను. ఆమె బొమ్మ పట్టుకుని తిరిగి పోయింది. అక్కడ ఒక్క మాట, ఒకే ఒక్క మాట అని ఉంటే ఈ కథ నేను రాయవలసిన అవసరం ఉండేది కాదు.

తాత అప్పుడు ములుగు దిక్కు ఇంకో ఊళ్లో పనికి పోయి ఉన్నాడు. ఇంట్లో గింజలు నిండుకుంటే ఆదివారం నాడు అవ్వా, మనుమరాలూ పోయి మా గెట్టు మీదే రెండు బొరియలు తవ్వుకున్నారు. కాగితాన్ని ఎలుకలు ఎప్పుడో చీల్చి, నూకలను వెన్నుల్లో, మట్టిలో కలిపేశాయి. అవ్వ ఎండబోసి, దంచి, చెరిగింది. చెరిగిన తౌడు తిన్న కోళ్లు సోమవారం సాయంత్రానికే చచ్చాయి. అవ్వ కొక్కెర తెగులనుకుని వాటిని పూడ్చిపెట్టింది. మంగళవారం పొద్దున ఆ బియ్యమే వండింది. బడికి ఆలస్యమవుతుందని పిల్ల రెండు ముద్దలే తిన్నది. అవ్వ కడుపునిండా తిన్నది.

వాంతులతో పడిపోయిన ఇద్దరినీ ఎడ్లబండి మీద రోడ్డు దాకా, అక్కడి నుంచి బస్సులో వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. అవ్వ దారిలోనే పోయింది. పిల్ల బతికింది.

మరునాడు కాలువ కట్ట మీద ఊరంతా పోగైంది. కబురంది దవాఖానకు పోయి, అక్కడి నుంచి అవ్వ శవంతో పాటే వచ్చిన తాత ఆమె తలాపున కూర్చుని ఉన్నాడు. మా బాపు మంచివాడు, ఆయన కంట్లో నీళ్లు ఆగడం లేదు. మేం చెప్పి పంపితిమి కదా, మా బిడ్డ వచ్చి చెప్పింది కదా, మరి ఇట్లా ఎట్లా అయిందని అందరి ముందూ తాతను అడిగాడు. నేను బాపు వెనకాలే ఉన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ నన్ను చూడకముందే నేను తల దించుకున్నాను. తాత నన్ను చూశాడు.

"చెప్పింది పటేలా. బిడ్డ వచ్చి చెప్పిందట. మా ముసల్దానికే చెవులు సరిగ ఇనబడయి. ఇనుకోలె."

అంతే. ఊరు ఆ మాట పట్టుకుంది. చెబితే వినలేదట, గింజల ఆశకు పోయిందట అని బోరింగు దగ్గర, పొలం దగ్గర, చర్చి మెట్ల మీద చెప్పుకున్నారు. పదిహేను రోజులు తిరగకముందే అది సామెతైంది.

బడిలో సారు మళ్లీ అదే గొలుసు గీశారు. ఆ వారం గెట్ల మీద మేం చూసిన చావులన్నీ మా చేత చెప్పించారు. రెండు గుడ్లగూబలు, ఒక జెర్రిపోతు, మా వీధి కుక్క. మందు ఎలుక దగ్గర ఆగదు, బాణం ఎటు చూపిస్తే అటు పోతుందన్నారు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు చేసుకున్నామన్నారు. చివరి బాణం దగ్గర 'అవ్వ' అని రాశారు. తర్వాత, మనుషుల గొలుసులో మాట కూడా ఒక లంకె అని, ఈ అమ్మాయి మాత్రం తన లంకె తెగనివ్వలేదని, నన్ను లేపి నిలబెట్టి అందరితో చప్పట్లు కొట్టించారు. నేను నిలబడే ఉన్నాను. ఆ పిల్ల ఒకప్పుడు నా పక్కన కూర్చున్న చోటు ఖాళీగా ఉంది.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పాపసంకీర్తనంలో ఫాదర్‌కు చెప్పాను. ఆయన పది మంగళవార్త జపాలు చెప్పమన్నారు, చెప్పాను. ఏమీ పోలేదు. చెప్పవలసిన వాళ్లకు చెప్పకుండా దేవుడికి చెబితే ఏం లాభం? ఒక సాయంత్రం ధైర్యం చేసి ఒక్కదాన్నే కాలువ కట్టకు పోయాను. నెల కింద పోవలసిన దారి. పిల్ల వాకిట్లో చేట పట్టుకుని చెరుగుతోంది. నన్ను చూసి చేటలోకి మొహం దించుకుంది. పుస్తకంలోకి నేను దించుకున్నట్టే.

తాత కుండకు మసి తుడుస్తున్నాడు. నేను రాలేదు తాతా, చెప్పలేదు అన్నాను.

"ఎరికే బిడ్డా. దవాఖాననే మా పోరి చెప్పింది."

మరి ఎందుకట్లా అన్నావని అడిగాను.

"ఏమనాలె? పటేలు బిడ్డ అబద్ధమాడిందంటె రేపు నన్ను గెట్టెక్కనిస్తరా? ఈ పోరికి కూడెట్ల? మా ముసల్ది ఎట్లనో పాయె, దానికేం బాధ." కుండను పక్కన బోర్లించాడు. "ఇగ నువ్వు చిన్న పోరివి. పాముకు ఇడిసినట్టు నీకు గుడ ఒక బొక్క ఇడిసిన అనుకో. అండ్లనే దాక్కుంటవో, ఎల్లొస్తవో నీ ఇష్టం."

అది దయో, భయమో, కోపమో ఇన్నేళ్లు ఆలోచించినా నాకు తేలలేదు. మూడూ అయి ఉంటాయి. ఆ పిల్ల మళ్లీ బడికి రాలేదు. వండిపెట్టే అవ్వ లేనప్పుడు ఎట్లా వస్తుంది? రెండేళ్లకు గుడిసె ఖాళీ చేసి ఎటో పోయారు. పాములు, గూబలు చచ్చిన పొలాల్లో మరుసటి ఏడు ఎలుకలు ఇంతకు ఇంత అయ్యాయి. మా బాపు చివరిదాకా నన్ను మాట తప్పని బిడ్డగానే అనుకుని పోయాడు. నేను ఆ బొరియలోనే దాక్కున్నాను.

పెద్దయ్యాక నేనూ సైన్సు టీచర్నే అయ్యాను. ఏటా ఆ పాఠం వచ్చినప్పుడు గొలుసులో మనిషి బొమ్మ తప్పకుండా గీయించేదాన్ని, ఈ కథ చెప్పేదాన్ని. కాని 'ఒక ఊళ్లో ఒక పిల్ల' అని చెప్పేదాన్ని. ఒకసారి ముందు బల్లలో కూర్చున్న అమ్మాయి, టీచర్, ఆ పిల్ల తర్వాతైనా ఊరికి నిజం చెప్పిందా అని అడిగింది. చెప్పింది అన్నాను. బాపుతో ఆడిన అబద్ధమే, మళ్లీ ఆడాను.

ఇప్పుడు హన్మకొండ సుబేదారిలో ఉంటున్నాను. ఎవరైనా ఎవరికైనా ఏదైనా చెప్పమంటే, చేతిలో ఫోను ఉన్నా సరే, నడిచిపోయి వాళ్ల మొహం చూసి చెప్పి వస్తాను. మా పిల్లలు నాకు చాదస్తమంటారు. అననీ.

మొన్న ఊళ్లో, అన్నం ముందు చెయ్యి ఆపి కూర్చున్న నన్ను చూసి, ఏమైంది అత్తమ్మా, తింటలేవు అని అడిగింది తమ్ముడి కోడలు. తమ్ముడు కూడా తల ఎత్తి చూశాడు. ఆ పిల్లవాడిని దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకున్నాను. ఎలుకలవ్వకు చెవులు మంచిగనే ఉండె బిడ్డా అన్నాను. బయట కోడిపెట్ట ధాన్యం మీద కాలు పెడితే గుడిసె లోపలి నుంచే అదిలించేది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. పోయి చెప్పాల్సింది నేను. నేను పోలేదు.