సమాధానం చేసిన మేడకూర

సమాధానం అనే మనిషి ముక్కు చిట్లించడం ఏ సంవత్సరంలో మొదలైందన్న విషయమై తోటపల్లి గూడూరులో రెండు వాదాలు ఉండేవి. పుట్టుకతోనే వచ్చిందనేది మొదటి వాదం. మంత్రసాని మొహం చూడగానే చిట్లించాడని అతని మేనత్త పోయేదాకా చెప్పింది. మైపాడు ఒడ్డున మిషను బంగళాలో వంటవాడుగా చేరాకే వచ్చిందనేది రెండో వాదం. యాభై ఏడులో దొరగారూ దొరసానీ ఓడెక్కి స్వదేశం వెళ్లిపోయి, బంగళాకు తాళం పడ్డాక ఆ ముక్కు మళ్లీ యథాస్థితికి రాలేదన్న సంగతిని మాత్రం రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి.

నిజం తెలిసినవాడు సమాధానం ఒక్కడే. అతను ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం, ఉడుకుతున్న సూపు గరిటెతో తీసి అరచేతిలో వేసుకుని నాకుతుండగా దొరసాని గుమ్మంలోకి వచ్చింది. ముక్కు చిట్లించింది. ఆ గరిటెను మూడుసార్లు మరిగే నీళ్లలో వేయించింది. ఆ రోజు మొదలు ఇరవై రెండేళ్లపాటు సమాధానం తాను వండినదేదీ నాలుక మీద పెట్టలేదు. రంగు చూసి, వాసన చూసి, గడియారం చూసి వండాడు. చిట్లింపు మాత్రం శ్రద్ధగా నేర్చుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

ఇంట్లో దానికి చేతినిండా పని దొరికింది. చింతపండు పిసికిన నీళ్లు చూస్తే అతనికి మురుగుకాలవ గుర్తొచ్చేది. ఎండుచేపలు కాలుస్తుంటే వీధిలోకి వెళ్లి నిలబడేవాడు. వీధంతా అదే వాసన. భార్య ఎలిశబెతు పులుసన్నం వేళ్లతో కలుపుకుంటుంటే గోడవైపు తిరిగి కూర్చునేవాడు. గోడ మీద బల్లి ఉండేది. మళ్లీ ఇటు తిరగాల్సి వచ్చేది. ఆ పులుసునే రెండోసారి అడిగి వేయించుకునేవాడన్న సంగతి కూడా చరిత్రలో ఉండాలి గనుక రాస్తున్నాం. చంచాతో తినేవాడు.

"నాలుగేళ్లుగా నాట్లకు పొయ్యి నేను తెచ్చి పెడతావుంటే, నువ్వు మూతి తిప్పుతుండావు," అనేది ఎలిశబెతు. "ఆ ముక్కు నారు పీకేదానికన్నా పనికొస్తే బాగుండు."

ఆమె అన్నది నిజం. ఒకసారి సమాధానం కూడా కూలికి వెళ్లాడు. కాలి వేళ్ల సందుల్లోంచి బురద పైకి వచ్చిన తీరు చూసి, మధ్యాహ్నం కాకముందే ఇంటికి వచ్చి, సాయంత్రందాకా కాళ్లు కడుక్కున్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి భార్య సంపాదన తింటూ, ఆమె వండినదాన్ని అసహ్యించుకుంటూ బతకడం ఎంత అసహ్యమో ఆ కాళ్లు కడుక్కుంటున్నప్పుడు అతనికి తెలిసింది.

అరవై ఒకటి ఏప్రిల్లో సంఘం పాస్టరు యెహోషువ అయ్యగారు వీధిలో ఎదురుపడి కబురు చెప్పారు.

"బంగళా తెరుస్తుండారు సమాధానం. కొత్త దొరగారూ దొరసానీ వస్తుండారు. వంటవాణ్ణి చూసి జాబు రాయమన్నారు. గూడూరు జంక్షను తిమోతి ముందే అడిగినాడు. రైలు క్యాంటీన్లో చేసినాడు గదా, కట్లెట్టు బో బాగా చేస్తాడంట."

"కట్లెట్టా?" సమాధానం ముక్కు తన పని తాను చేసింది. "అయ్యగారూ, ఆదివారం ఆరాధన అయినాక మా ఇంటికి దయచేయండి. దొరసానమ్మ నేర్పిన కూరగాయల పొరల బేకు చేసి పెడతా. తిన్నాక మీకేమనిపిస్తే అది రాయండి."

అయ్యగారు వెంటనే ఒప్పుకున్నారు. భోజనానికి పిలిస్తే ఆలోచించే అలవాటు ఆయనకు లేదు.

శనివారం నాడు మహాయజ్ఞం ఆరంభమైంది. పది వంకాయలు తిప్పి చూస్తే నాలుగింట్లో ముందే పురుగుల కాపురాలున్నాయి. ఇంట్లో కత్తి ఒక్కటే. దానికి తరతరాల చేపల వాసన. బూడిదతో మూడుసార్లు తోమి వాసన చూశాడు. వంజరం, దాని వెనక ఇంకేదో పేరు తెలియని చేప. నెల్లూరు నుంచి తెప్పించిన రొట్టె బస్సులో కోళ్లగంప పక్కన ప్రయాణం చేసి, ఆ సాంగత్యపు ఆనవాళ్లతో దిగింది. పైచెక్కు నాలుగువైపులా కోసి పారేసి, మిగిలింది ఎండబెట్టి పొడి చేశాడు. పొడి మీద ఈగలు. విసనకర్ర పట్టుకుని వాటికి కాపలా కూర్చున్నాడు.

బంగళాలో ఇనప పొయ్యిపెట్టె ఉండేది. ఇక్కడ కిరసనాయిలు డబ్బా ఉంది. దొరగారు ఊళ్ల మీద క్యాంపులకు పోయినప్పుడు అలాంటి డబ్బాలోనే అడుగున ఇసక పోసి, కింద నిప్పు, మూత మీద నిప్పు పెట్టి బేకు చేసిన అనుభవం అతనికి ఉంది. కిరసనాయిలు కంపు పోవాలంటే మాత్రం చింతపండుతో రుద్దాలి. సమాధానం కళ్లు మూసుకుని రుద్దాడు.

ఆదివారం తెల్లవారుతూనే వంకాయ, ఆ ఊళ్లో ఉర్లగడ్డ అనే బంగాళాదుంప, గుమ్మడి ముక్కలు పలచటి బిళ్లలుగా తరిగి, పెనం మీద నూనె చిలకరించి రెండువైపులా ఎర్రగా కాల్చాడు. మైదా వెన్నలో వేయించి, పాలు పోసి చిక్కగా కాచాడు. ఎలిశబెతు గుమ్మానికి ఆనుకుని చూసింది.

"మైదా ఉడకేసినావే, సినిమా బొమ్మలు గోడకు అంటించేదానికా?"

"ఇది తెల్ల సాసు. నీకు తెలవదు."

అతను గిన్నెలో ఒక వరస వంకాయ, దాని మీద సాసు, ఒక వరస ఉర్లగడ్డ, మళ్లీ సాసు, గుమ్మడి, టమేటా, ఇలా అంచుదాకా పేర్చుకుంటూ పోయాడు.

"ఏందయ్యా, వంకాయలకు మేడ కడుతుండావా? మిద్దె మీద మిద్దె వేసినావు సరే, మెట్లేవి?"

"పక్కకు పోమ్మే!"

"రుచన్నా చూసినావా?"

"వంటవాడు రుచి చూసేదా? ఛీ!" నిజంగానే ఒళ్లు జలదరించింది అతనికి. "ఎంగిలి మనుషులు."

సమాధానం పైన రొట్టెపొడి చల్లి, గిన్నెను డబ్బాలో నిప్పుల మధ్య పెట్టాడు. ఎలిశబెతు మైపాడు నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని వచ్చిన నాగులమ్మ దగ్గర వంజరం ముక్కలు తీసుకుని, ఎందుకన్నా మంచిదని పెరట్లో ఇంకో పొయ్యి మీద మామిడికాయ వేసి పులుసు పెట్టింది.

మధ్యాహ్నం అయ్యగారు వచ్చారు. బల్ల మీద ఉతికిన దుప్పటి, దాని మీద గాజు గ్లాసులో రెండు గన్నేరు పూలు. సమాధానం గిన్నె తెచ్చి దించాడు. రొట్టెపొడి పైన బంగారు రంగు తిరిగి ఉంది. చతురస్రంగా కోసి, అట్లకాడతో లేపి పళ్లెంలో పెడితే పొరలన్నీ విడివిడిగా నిలబడ్డాయి. నలుపు, తెలుపు, పసుపు, ఎరుపు. ఒక్క వరస జారలేదు. అయ్యగారు దీర్ఘంగా ప్రార్థన చేసి, చంచా నిండా తీసుకుని నోట్లో పెట్టుకున్నారు.

ఆయన ముక్కు చిట్లింది.

సమాధానం నిలబడ్డచోటే బిగుసుకుపోయాడు. ఇన్నేళ్లుగా తాను ఊరందరి మీదా ప్రయోగించిన ఆయుధం ఎదటినుంచి ఎలా ఉంటుందో అతనికి ఇప్పుడు కనిపించింది.

"ఎట్టుందయ్యా?"

ఆదివారం కావడంతో అయ్యగారికి అబద్ధం ఆడే వీలు లేదు. "మెత్తగా ఉంది," అన్నారు. చంచాతో ముక్కను పక్కకు తిప్పి చూసి, "పొరలు... పొరలుగానే ఉండాయి," అని చేర్చారు.

ఎలిశబెతు గిన్నెలోంచి ఓ ముక్క వేళ్లతో తుంచి నోట్లో వేసుకుంది.

"ఉప్పేదయ్యా?"

"ఉప్పు వంటవాడి పని కాదు మే!" సమాధానం గొంతు లేచింది. "దొరగారికి రక్తపోటు. వంటింట్లో ఉప్పు వెయ్యొద్దని దొరసానమ్మ ఆర్డరు. ఉప్పూ మిరియాలూ బల్ల మీద ఉంటాయి, ఎవురికి కావాల్సింది వాళ్లు చల్లుకుంటారు."

"బల్ల మీద యాడుంది?"

ముగ్గురూ బల్ల వైపు చూశారు. గన్నేరు పూలున్నాయి. బంగళాలో బల్ల సర్దడం బట్లరు పని. ఈ ఇంట్లో బట్లరు లేడని సమాధానానికి తట్టలేదు.

అతను చంచా తీసుకున్నాడు. ఇరవై రెండేళ్లపాటు ప్రతి గురువారం చేసిన వంటకాన్ని మొదటిసారి నోట్లో పెట్టుకున్నాడు. జ్వరం వచ్చినవాడి నుదుటి మీద తడిగుడ్డ తీసి నమిలినట్టుంది. వంకాయ నాలుకకు అంటుకుని జారింది, సాసు అంగిలికి అంటుకుని జారలేదు. అంతకుముందు అతను అసహ్యించుకున్న ఎండుచేపలూ, మురుగూ, బల్లీ ఒక్కసారిగా మర్యాదస్తుల్లా కనిపించాయి. అయ్యగారు చూస్తున్నారు కాబట్టి మింగాడు.

ఎలిశబెతు లోపలికి వెళ్లి, కల్లుప్పూ మిరియాలూ నూరి తెచ్చి, అడక్కుండానే అయ్యగారి పళ్లెం మీద చల్లింది. ఆయన భయపడుతూ ఇంకో చంచా తిన్నారు.

"ఆఁ. ఇప్పుడు తెలుస్తుండాది," అన్నారు. ముక్క పూర్తి చేశారు. ఆ తర్వాత అన్నం పెట్టించుకుని వంజరం పులుసు మూడుసార్లు వేయించుకున్నారు. ఆ మూడుసార్లూ సమాధానం లెక్కపెట్టాడు.

చెయ్యి కడుక్కుని అయ్యగారు జేబులోంచి కాగితం, పెన్ను తీశారు. "తిమోతి కూడా అడిగినాడు సమాధానం. నేను ఉన్నదే రాయాల. ఏం రాయమంటావు?"

ఇంకో రోజు రమ్మని అడగొచ్చు. ఒంట్లో బాగాలేదని చెప్పొచ్చు. గుమ్మంలో ఎలిశబెతు నిలబడి ఉంది. ఆమె కాళ్లకు మడి బురద మరకలు, ఎంత కడిగినా పోనివి. అతను వాటిని చూసి ముక్కు చిట్లించలేదు.

"ఉప్పు బల్ల మీద పెట్టుకోమని రాయండయ్యా."

అయ్యగారు నవ్వి, అక్షరాలా అదే రాశారు.

మే మొదటి వారంలో బంగళా తెరిచారు. ఉన్నదున్నట్టు రాయించుకున్న వంటవాడే కావాలన్నారట, ఉద్యోగం సమాధానానికే వచ్చింది. కొత్త దొరగారూ దొరసానీ అప్పటికి రెండేళ్లుగా ఈ దేశంలోనే ఉండి తెలుగు నేర్చుకుంటున్నారు. వాళ్లకు మధ్యాహ్నం చారన్నం, రాత్రి పెరుగన్నం కావాలి. పొరల బేకు ఎప్పుడూ అడగలేదు.

చారు కాచడం సమాధానానికి రాదు. ఎలిశబెతు దగ్గర నేర్చుకున్నాడు.