సర్‌నేమ్ అన్న గడిలో

నాకు తెలిసిందే వేదం అనుకునే రోజులవి. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కి వచ్చి రెండేళ్ళు కాలేదు. సిడెన్‌హామ్‌లో ఒక ఇంటి వెనక గది అద్దెకు తీసుకుని, బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఇంటివాళ్ళు ముసలి దంపతులు, పిల్లల్లేరు. వాళ్ళ పెద్దలు చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చిన తెలుగువాళ్ళు. వీళ్ళు బాప్టిస్టు చర్చికి వెళ్తారు, రోజంతా ఇంగ్లీషే మాట్లాడతారు. తెలుగు తిట్లకీ ప్రార్థనకీ కూరల పేర్లకీ మిగిలింది. నేను తాతా, అవ్వా అని పిలిచేదాన్ని.

అవ్వకి చక్కెర జబ్బు, ఎడమ పాదం మీద మానని పుండు. రోజు విడిచి రోజు ఆసుపత్రికి వెళ్ళి కట్టు మార్పించుకోవాలి. అశ్రద్ధ చేస్తే కాలు దక్కదని డాక్టరు ముఖం మీదే చెప్పాడు. తీసుకెళ్ళేది తాత, తన పాత కారులో. నాకు కారు నడపడం రాదు.

అప్పట్లో పాత లైసెన్సులు పోయి కొత్త కార్డులు వస్తున్నాయి. ఊరంతా వరసల్లో నిలబడి మార్పించుకుంటుంటే తాత మాత్రం ఇవాళా రేపూ అని దాటేస్తున్నాడు. ఒకరోజు గట్టిగా నిలదీశాను. అప్పుడు బయటపెట్టాడు. తెల్లవాళ్ళ పాలన పోయిన ఎన్నికలకు ముందెప్పుడో ఎర్ర రోబో దాటినందుకు రెండుసార్లు జరిమానా పడింది. సిగ్నల్ లైటుని ఇక్కడ రోబో అంటారు. కట్టలేదు. కోర్టు నుంచి సమన్లు వస్తే వెళ్ళలేదు సరికదా, ఆ కాగితాలు పొయ్యిలో పెట్టాడు.

"తెల్లోడి సర్కారు పోయె, జుల్మానా గూడా పోయె అనుకున్నా," అన్నాడు.

జుల్మానా అన్న మాట మా అమ్మమ్మ పోయాక మళ్ళీ ఆయన నోటే విన్నాను. నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. సర్కారు మారితే కోర్టు మారిపోతుందా, ఈ వయసులో ఇదేం చోద్యం అని దులిపేశాను. పాపం, తలొంచుకుని విన్నాడు. కట్టడానికి డబ్బు కవరులో పెట్టుకునే ఉన్నాడు. కానీ కోర్టు గడప తొక్కితే అక్కడికక్కడే లోపలేస్తారేమోనని భయం. తను లోపలుంటే అవ్వని ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు? ముందు నేను వెళ్ళి ఆయన పేరు మీద ఏముందో కనుక్కొస్తానని మాటిచ్చాను.

పేరు. అక్కడే ఉంది నా ఘనకార్యం. వాళ్ళ కాగితాల్లో సర్‌నేమ్ అన్నచోట ఉన్నది ఇంటిపేరు కాదు, ఓడెక్కిన ముత్తాత సొంత పేరు. దాన్నీ ఓడ గుమాస్తా తప్పుగా రాసుకున్నాడు. అసలు ఇంటిపేరు తాత తన నాయనమ్మ నోట విని గుర్తుపెట్టుకున్నాడు. నాకు మొదటిసారి చెప్పినప్పుడు ఆ ముఖంలో వెలుగు చూడాలి! మా ఊళ్ళో ఆ ఇంటిపేరు వాళ్ళు వీధికి నలుగురుంటారు. నేను సంబరపడిపోయాను. అప్పటినుంచీ ఒకటే పాట, సర్‌నేమంటే ఇంటిపేరు తాతా, మీది ఇదీ, ఆ గుమాస్తా రాసింది కాదు అని.

కోర్టుకి వెళ్తూ చీటీ మీద ముందు ఇంటిపేరు, తర్వాత ఆయన పేరు రాసుకున్నాను, మన పద్ధతిలో. ఆయన ఐడీ పుస్తకంలో ఏముందో నాకు తెలియదా? తెలుసు. ఆ నిమిషాన బుర్రకి తట్టలేదు, అంతే. కోర్టు గుమాస్తా సర్‌నేమ్ ఏదంటే మొదటి మాట మీద వేలుపెట్టి చూపించాను. అతను పుస్తకం రెండుసార్లు తిరగేసి అలాంటి పేరే లేదన్నాడు. నా తెలివి తగలెయ్య, అతను లేదనగానే ఎగిరి గంతేశాను.

ఇంటికొచ్చి ఏమీ లేదు తాతా, మీరన్నట్టే పోయాయి అని చెప్పాను. అవ్వ నా బుగ్గలు నిమిరి, ఆ పూట నాకు అన్నం పెట్టింది. తాత కవరులో డబ్బుతో కారుకి టైర్లు వేయించాడు. ఈస్టరు వెళ్ళగానే కొత్త కార్డుకి వెళ్తానన్నాడు.

ఈస్టరుకి నాలుగు రోజులు సెలవు. నేను రిజర్వాయర్ హిల్స్‌లో, మన దేశం నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ ఇంటికి వెళ్ళాను. అక్కడి ఫోను నంబరు అవ్వకి ఇచ్చి వెళ్ళాలని కూడా తోచలేదు.

గురువారం సాయంత్రం, గుడ్ ఫ్రైడే కూరకి చేపలు కొనుక్కొస్తున్న తాతని రోడ్డుకడ్డంగా నిలబడ్డ పోలీసులు ఆపారు. ఐడీ పుస్తకం తీసుకుని జాబితా చూశారు. వాళ్ళు వెతికింది ఓడ గుమాస్తా రాసిన పేరు. దాని మీద రెండు అరెస్టు వారంట్లు దొరికాయి. సమన్లకి రాని మనిషి గనక మేజిస్ట్రేటు ముందుకే తీసుకెళ్ళాలన్నారు. కోర్టు తెరిచేది మంగళవారం.

స్టేషన్ నుంచి ఫోను వస్తే అవ్వ ఎవరికీ చెప్పలేదు. చర్చివాళ్ళు వచ్చి అడిగితే చుట్టాలింటికి వెళ్ళాడందట. యేసయ్య సిలువెక్కిన రోజున మొగుడు జైల్లో ఉన్నాడని ఏ నోటితో చెప్పేది అని తర్వాత నాతో అంది. శుక్రవారం కట్టు తప్పింది, ఆదివారమూ తప్పింది. సోమవారం సాయంత్రం నేను వచ్చి తలుపు తీసేసరికి వాసన గుప్పుమంది. అవ్వ కుర్చీలో ఒళ్ళు కాలిపోతూ కూర్చునుంది, పాదం నల్లబడిపోయింది. అంబులెన్సు పిలిచాను. రాత్రంతా ఆమె పక్కనే ఉన్నాను. మేజిస్ట్రేటు దగ్గర ఏ పేరు పిలుస్తారన్నది అప్పుడు తట్టింది నాకు. జరిగింది మొత్తం అర్థమైంది.

మంగళవారం మధ్యాహ్నం, జరిమానాకి గడువిచ్చి వదిలేశాక, నేను స్టేషనుకి ఫోను చేసి చెప్పించిన కబురుతో తాత కోర్టు నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చాడు. గడ్డం మాసింది, చొక్కా నలిగింది. చీటీ మీద ఏం రాశానో చెప్పేశాను. నావల్లే తాతా అన్నాను. ఆయన కాదనలేదు.

మోకాలి కింద తీసెయ్యాలని చెప్పి నర్సు ఒప్పుదల కాగితం తెచ్చింది. ఆ ఇంట్లో ఏ కాగితమొచ్చినా నింపేది నేనే కాబట్టి అలవాటుగా చెయ్యి చాచి అందుకున్నాను. తాత నా వేళ్ళ మధ్యనుంచి పెన్ను మెల్లగా తీసుకున్నాడు.

"నువ్వొద్దమ్మా. పేరు నేనే రాత్తా."

సర్‌నేమ్ అన్న గడిలో ఓడ గుమాస్తా రాసిన పేరు, అదే తప్పుతో, ఒక్కొక్క అక్షరమే పెద్దగా రాశాడు. సరిగ్గా ఉందేమో చూడమని ఆ కాగితాన్ని, పక్కనే నిలబడ్డ నన్ను దాటించి, నర్సు చేతికిచ్చాడు.