మెడ దగ్గర మడత చాకు

జగ్గయ్యపేట బడిలో గైడ్స్ పిల్లలకు శిక్షణ ఇచ్చే రోజుల నుంచి పాత స్కౌటు చాకులు సేకరించడం నాకు అలవాటు. బ్లేడు, డబ్బా ఓపెనరు, స్క్రూడ్రైవరు అన్నీ ఒకే పిడిలోకి ముడుచుకునే చాకులవి. పోయిన వేసవిలో నందిగామలో పాత సామాన్ల కొట్టుకు వెళ్లి, తెరిస్తే బ్లేడు కదలకుండా నిలబడే చాకును ఏరుకుని ఆటోలో తిరిగి వస్తున్నాను.

మా ముందు వెళ్తున్న బైకు పడిపోయింది. వెనక కూర్చున్న అమ్మాయి చున్నీ చక్రంలో చుట్టుకుని మెడకు బిగిసింది. బండి నడిపిన ఆమె భర్త ఎంత లాగినా ఊడిరావడం లేదు. ఆమె ముఖం నల్లబడుతోంది. నేను పరుగున వెళ్లి చాకు తెరిచేసరికి అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

“మెడ దగ్గర కత్తేంటి మేడమ్?”

“చున్నీ కోస్తా బాబూ, చెయ్యి వదులు.”

మెడకూ గుడ్డకూ మధ్య వేలు దూర్చి కోశాను. ఆ తొందరలో నా వేలూ తెగింది.

కాసేపటికి ఆమె దగ్గి, ఊపిరి తీసుకుంది. లేచి కూర్చోగానే నా వేలు చూసి, “మీకు తెగిందండీ” అంటూ ఆ చున్నీ ముక్కతోనే కట్టు కట్టింది.

ఇప్పటికీ బైకు మీద ఎగురుతున్న చున్నీ కనబడితే ఆ బండి ఆపించి మరీ, ముడి వేసుకోమని చెబుతాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ.

– సుగుణ, జగ్గయ్యపేట