ఎడమకు మూసే వాల్వు

ఈ ఉదయం ఫోనులో ఒక ఫొటో వచ్చింది. నేను ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసిన భవనానికి, నీళ్ళూ కరెంటూ పొదుపు చేసినందుకు ఏదో బహుమతి ఇచ్చారట. దాని మేనేజరు శాలువా కప్పుకుని పళ్ళికిలిస్తూ నిలబడ్డాడు. మన ఈడువాళ్ళంతా క్షమించమనే చెబుతారు, చర్చిలో పాస్టరుగారూ అదే చెబుతారు, కానీ ఆ మొహం చూస్తే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

మా నాన్న శ్రీకాకుళం నుంచి బెంగాలుకు వచ్చి టికియాపారా రైల్వే యార్డులో చేరితే, నేను గంగ దాటి అవతలి ఒడ్డునున్న ఆ భవనం బేస్‌మెంటులో పంపులూ పైపులూ చూసే పనిలో కుదిరాను. మేడ మీద పడ్డ వాన నీరు కింద తొట్టిలోకి చేరి, మరుగుదొడ్లకూ ఏసీ యంత్రాలకూ వాడకానికొచ్చేది. ఏ మరమ్మతు చేసినా దాని సంగతి పక్కన గోడ మీదే పెయింటుతో రాసేయడం నా అలవాటు, అదీ తెలుగులో, ఎందుకంటే సండే స్కూల్లో నేర్చిన ఆ అక్షరాలే నా చేతికి కుదిరాయి. బెంగాలీ మిస్త్రీలు చూసి నవ్వేవారు, అవసరమొస్తే మాత్రం నన్నే పిలిచి చదివించుకునేవారు.

ఒక చలికాలం ఈ మేనేజరు కొత్తగా వచ్చి, నెల రోజులు నా పక్కనే స్టూలు వేసుకుని, అన్నా అని పిలిచినట్టే దాదా దాదా అంటూ నాకు టీలు తాగించి, నాకు తెలిసిందంతా కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాడు. దాన్ని పెద్దల మీటింగులో తన పరిశ్రమగా చూపించాడు. నేను ఆ గది గుమ్మం దగ్గర నిలబడి విన్నాను, నా పేరు ఒక్కసారైనా రాలేదు. వారం తిరక్కుండానే, అంతా కంప్యూటర్లో ఉంది కదా, ఇక మీరెందుకు దాదా అని నన్ను మాన్పించాడు.

నా ఆఖరి రోజున గోడలకు ఆకుపచ్చ రంగు వేయిస్తున్నాడు. వాన ఎక్కువై తొట్టి నిండితే మూసే, వాన నీటి గొట్టానికున్న పెద్ద వాల్వు దగ్గరికి పెయింటరు వచ్చేసరికి గుర్తొచ్చింది, ఇదొక్కటీ చెప్పలేదని. అన్ని వాల్వులూ కుడికి తిప్పితే మూసుకుంటాయి, అది మాత్రం ఎడమకు తిప్పితేనే మూసుకుంటుంది. ఆ మాట గోడ మీద తప్ప మరెక్కడా లేదు. చెప్పబోయి నోరు మూసుకున్నాను, నా కళ్ళ ముందే ఆ రాత మీద రంగు పడింది. ఆ సాయంత్రం నేను నడిచి ఇంటికొచ్చాను, ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

వానాకాలం దాకా రోజూ ఆకాశం చూసి కాచుకున్నాను. మొదటి పెద్ద వానకే బేస్‌మెంటు మునిగి మోటార్లన్నీ కాలిపోయాయని తెలిసి, మా ఆవిడ చేత కోడికూర వండించాను. ఆ కూర పొయ్యి మీద ఉండగానే మా బావమరిది తడిసిన బట్టలతో వచ్చాడు. అతణ్ణి ఆ భవనంలో పెట్టించింది నేనే. మేడ మీద సోలారు పలకలు కడిగే మనిషిని, నా స్థానంలో కిందికి దింపారట. ఆ వాల్వు తిప్పేది అతనే కావచ్చన్న ఆలోచనే కోపంలో నాకు రాలేదు.

“మూసీడానికే తిప్పినాను బావా. ఎంత తిప్పితే అంత నీరొచ్చీసింది. నానేటి తప్పు చేసినానో తెల్దు,” అన్నాడు.

తప్పంతా అతని మీదకు తోసి మేనేజరు అతణ్ణి పనిలోంచి తీసేశాడు, తను మాత్రం ఆ వాల్వు సంగతి కనుక్కుని కంప్యూటర్లో చేర్చుకున్నాడు. వాడి మీద పగ తీరలేదు, తీరదు కూడా.

మా రోజుల్లో పెద్ద మిస్త్రీ కొత్తవాడి చేతి మీద చెయ్యి వేసి వాల్వు తిప్పించేవాడు, తిట్టుకుంటూనైనా నేర్పేవాడు. ఇప్పుడెవరూ ఎవరి చెయ్యీ పట్టుకోరు. నేనూ పట్టుకోలేదు. బావమరిది ఇప్పుడు బజ్ బజ్‌లో జూటుమిల్లు గేటు దగ్గర కాపలా కాస్తున్నాడు. ఆదివారం మా ఇంట్లోనే భోజనం. చేతులు కడుక్కున్నాక, కొళాయి ఎటు తిప్పాలో నన్ను అడిగి గానీ కట్టడు.