నాకు లేని టీబీ

వయసుతో పాటు కోపం చల్లారుతుందంటారు. ఎవరిదో చల్లారి ఉంటుంది. ఆ గుడివాడ డాక్టరు మీద నాది ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. కక్కనివ్వండి.

మా దివిసీమలో ఒక మర్యాద ఉంది. పెద్దవాడికి జబ్బు చేస్తే ఆస్పత్రిలో అతను నోరు విప్పడు, పక్కనున్నవాడు చెబుతాడు. నా తరఫున మా బావమరిది చెప్పాడు. దగ్గుతో, జ్వరంతో నేను స్టూలు మీద వంగిపోయి కూర్చుంటే, డాక్టరు నా ముఖం కూడా చూడకుండా అతన్ని అడిగాడు.

"ఏం పని చేస్తారీయన?"

"మా బావగారికి పనేంటండీ! పొలమంతా కౌలుకిచ్చేశాం. కాలు కింద పెట్టరు."

పచ్చి అబద్ధం. ఆ ఏడు నాట్లకు కూలీలు దొరక్క నేనే మోకాలి లోతు బురదలో దిగాను. మడమకు నత్తగుల్ల కోసుకుని పుండు పడింది. కానీ భూమి ఉన్నవాడు బురదలో దిగాడని డాక్టరు ముందు చెప్పుకోవడం మావాళ్ళకు నామోషీ. "అది కాదండీ" అనబోతే దగ్గు తెర అడ్డుపడింది. డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకెత్తి చూసి "టీబీ" అన్నాడు. కఫం పరీక్ష అక్కర్లేదా అని నేనడిగితే, "కళ్ళకి కనపడుతుంటే ఇంకా పరీక్షలెందుకండీ" అని బావమరిదితోనే నవ్వాడు.

ఆ మాట మాకంటే ముందే ఊరు చేరింది. అక్కడినుంచి బంటుమిల్లిలో మా అమ్మాయి అత్తగారికి చేరింది. తొలి కాన్పుకి పుట్టింటికి రావలసిన పిల్ల. వియ్యపురాలు ఫోను చేసింది.

"ఆ జబ్బున్న ఇంటికి కడుపుతో ఉన్న పిల్లని ఎలా పంపమంటారు అన్నయ్యగారూ? పురుడు మేమే పోసుకుంటాం లెండి."

మనవడు అక్కడే పుట్టాడు. వాణ్ణి నాకు ఫోనులో చూపించారు.

టీబీ మాత్రలు మింగుతున్నాను, ఆ మందుకి మూత్రం ఎర్రగా పోతోంది, జ్వరం మాత్రం తగ్గదు. మళ్ళీ వెళ్తే డాక్టరు బావమరిదితో అన్నాడు: "ఓపిక పట్టమనండి. పెద్దవాళ్ళకి అనుమానాలెక్కువ."

మర్నాడు ఎవరికీ చెప్పకుండా బందరు బస్సెక్కాను. అక్కడి ఆస్పత్రిలో చిన్నపిల్లలా ఉన్న డాక్టరమ్మ "ఏమైంది తాతగారూ?" అంది.

"నన్నేనా అమ్మా అడుగుతున్నావు?"

"మిమ్మల్ని కాక గోడనడుగుతానా?"

బురద దగ్గర్నుంచి పుండు దాకా, నా షుగరుతో సహా అన్నీ నా నోటితో నేనే చెప్పాను. రక్తమూ కఫమూ తీసి, ఏ క్రిమి పెరుగుతుందో చూడమని పంపింది. పెరిగింది టీబీ క్రిమి కాదు, మట్టిలో, బురదలో ఉండేది. షుగరున్నవాళ్ళ మీద మరీ పడుతుందట. జబ్బు పేరు మెలియాయిడోసిస్. బడి చదువు లేకపోయినా లైబ్రరీ పేపర్లు పట్టుకుని అక్షరాలు కూడబెట్టుకున్నవాణ్ణి. సూదులు పొడిపించుకుంటూ మంచం మీద ఆ పేరు నోరు తిరిగేదాకా పలికాను. ఒకచోట పలకవలసిన పని ఉంది.

లేచి తిరగ్గలిగిన రోజున గుడివాడ బయల్దేరాను. బావమరిది వెంటపడ్డాడు.

"పోనీలే బావా, బతికావుగా. రేపు మళ్ళీ ఆయనతోనే అవసరం పడుద్ది."

"నువ్వు నోరు తెరిచావంటే బస్టాండు దాకా తరుముతాను."

డాక్టరు కాగితాలు చూసి, అలవాటుగా బావమరిది వైపు తిరిగాడు. "ఒక్కోసారి అలా కనపడుతుందండీ. ఈయనకి నచ్చజెప్పండి."

"ఇటు చూడండి. రోగిని నేను. నాకొచ్చింది మెలియాయిడోసిస్."

"సరే, ఏం కావాలి మీకు?"

"టీబీ అన్న మాట మీ నోటి నుంచే మా వియ్యపురాలికి చేరింది. లేదన్న మాటా మీ నోటి నుంచే చేరాలి. బయట హాల్లో, అందరూ వినేట్టు."

నవ్వి, తర్వాతి పేషెంటుని పిలిచాడు. నేను హాల్లో ముందు బెంచీ మీద కూర్చుని, వచ్చిన ప్రతి దగ్గువాణ్ణీ అడగడం మొదలెట్టాను: "మీకు కఫం పరీక్ష చేయించారాండీ? నాకు చేయించలేదు." బెంచీలు గుసగుసలాడాయి. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. డాక్టరే బయటికి వచ్చాడు.

వియ్యపురాలికి ఫోను కలిపి, స్పీకరు పెట్టి అతని చేతికిచ్చాను.

"అమ్మా, గుడివాడ నుంచి డాక్టర్ని. మీ వియ్యంకుడుగారికి టీబీ లేదండి."

"తగ్గిపోయిందా?"

ఆశగా నా వంక చూశాడు. ఔనంటే బతికిపోతాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"తగ్గడం కాదమ్మా. మొదట్నుంచీ... లేదు."

"మరి ఉందన్నదెవరు?"

"నేనే."

"పరీక్ష చేసే అన్నారా?"

డాక్టరు స్పీకరు ఆపే మీట కోసం తడుముకున్నాడు.

"ఏమయ్యా, నీ మాట పట్టుకునేగా నా కోడల్ని పుట్టింటికి పంపకుండా ఆపాను! అది ఏడుస్తుంటే నేను రాక్షసినయ్యాను! ఏం చదివావయ్యా నువ్వు?"

ఫోను నాకివ్వబోయాడు. నేను చేతులు కట్టుకున్నాను.

"మాట్లాడండి. మిమ్మల్నే అడుగుతోంది."

"రేపే తల్లినీ బిడ్డనీ పంపుతున్నానని అన్నయ్యగారితో చెప్పు," అందావిడ. "నువ్వు ఫోను పెట్టెయ్యకు, నీతో ఇంకా ఉంది."

"రేపు మీ అమ్మాయిని పంపుతారట," అన్నాడు గొణుగుతూ.

"వినపడలేదండీ," అన్నాను.

హాలంతా వినేట్టు మళ్ళీ చెప్పాడు.