ఆ వెండి రేకులు ఎవరివి

పొద్దున్నే ఫోన్ తీస్తే మన స్కూల్ గ్రూప్ నిండా మావయ్య ఫోటోనే. నిన్న పోయారట.

అమ్మకి సొంత తమ్ముడు. ఖరగ్‌పూర్ రైల్వే స్కూల్లో మనందరికీ సైన్స్ మాస్టారు. ఏడుపొస్తుందేమో అని చూశాను.

రాలేదు.

తర్వాత మీ పోస్టులు చదివాను. మహానుభావుడట, లెజెండట. సరే, పోయినవాళ్ళని పొగడటం మనకి అలవాటే. కానీ నా జూనియర్లు ప్రతి ఒక్కరూ ఆయన క్లాసులో చేసి చూపించిన ఆ వెండి రేకుల ఎక్స్‌పెరిమెంట్ గురించే రాశారు.

అక్కడ ఒళ్ళు మండింది.

ఎనభైల చివర్లో, నా టెన్త్‌లో, ఈ లెజెండ్ చెప్పిన పాఠం వినండి. పక్కపక్కనున్న రెండు తీగల్లో కరెంటు ఒకే వైపు పోతే అవి దూరం జరుగుతాయట. ఎందుకంటే, ఒకే వైపు పోయే బళ్ళ మధ్య రైల్వే గ్యాప్ ఉంచుతుంది కదా, ఎదురుబళ్ళు పక్కనుంచే రాసుకుంటూ పోతాయి కదా, అందుకట. అందరం రైల్వే పిల్లలమే, తలలూపేశాం.

పుస్తకంలో మాత్రం దగ్గరకొస్తాయని ఉంది.

పూరీ గేట్ దగ్గర పాన్ షాపు నడిపే బెంగాలీ దాదానడిగి సిగరెట్ పెట్టెల వెండి కాగితం తెచ్చాను. రెండు సన్నటి రేకులు కత్తిరించి పక్కపక్కన వేలాడదీసి, క్లాసులో అందరి ముందు మోటార్‌సైకిల్ బ్యాటరీ కలిపాను. కరెంటు రెంటిలోనూ ఒకే వైపు. చటుక్కున దగ్గరకొచ్చాయి.

కనెక్షన్ తప్పన్నారు మావయ్య. బెంచీ ఎక్కించారు. ప్లస్ టూలో సైన్స్ దొరకాలంటే ఆయన మాట కావాలి. ఈ పిల్లకి సైన్స్ పనికిరాదని హెడ్‌మాస్టర్‌కి చెప్పేశారు.

అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో ఆయన క్వార్టర్‌కి వెళ్ళింది.

"ఒరే తమ్ముడూ, ఆ రేకులు దగ్గరికొచ్చినాయా నేదా?"

"వచ్చినాయక్కా, సూసినాను. అయితే ఏటి? కిలాసంతటికీ సెప్పేసినాక మేనకోడలు తప్పంటే నా పరువేటి కావాల?"

అంటే తెలుసు. తెలిసే చేశారు.

ఇంత చిన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

నేను కామర్స్‌లో చేరాను. ఇష్టం లేని చదువు, ఇష్టం లేని ఉద్యోగం. మరుసటి ఏడు నుంచి ఆయన పాఠం చడీచప్పుడు లేకుండా మారిపోయింది. తప్పు చెప్పానని ఎవరితోనూ అనలేదు, నాతో అసలే అనలేదు.

ఆయన మీకు చేసి చూపించిన ఆ రేకులు నేను కత్తిరించినవే. ఆ రోజు టేబుల్ మీదే వదిలేసి ఏడుస్తూ ఇంటికి పోయాను.

వెళ్ళిరండి మావయ్యా. నా కోపం నా దగ్గరే ఉంటుంది, మీరు శాంతిగా ఉండండి.

రేకులు మాత్రం నావి.